రొట్టెలావిడ కోసం ప్రార్థన

మొదటి నవల అచ్చయిన నెల తిరక్కుండానే ఆమెకు నవలమ్మ అన్న పేరు ఖాయమైపోయింది. పెట్టింది ఆమె మొగుడే. ఆయన ఎలక్ట్రీషియను. ఆదివారాలు చర్చిలో మైకులు చూసుకోవడం ఆయన పని. ఆ రోజు వైరు బిగిస్తూ, "మా నవలమ్మ ఎక్కడ కూర్చుందో కాస్త చూడండి, స్క్రూడ్రైవరు దాని సంచీలో ఉండిపోయింది" అన్నాడు. మైకు ఇంకా బాగుపడలేదనుకుని అన్న మాట అది. కానీ మైకు బాగుపడింది. సంఘమంతా విన్నది. అప్పటినుంచి పాస్టరుగారు మొదలు పాలుతాగే పిల్లల తల్లుల దాకా అందరికీ ఆమె నవలమ్మే.

నవలమ్మ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఫోనెత్తి "నొప్పి ఎప్పట్నించండీ?" అని అడిగితే అవతలివాళ్ళకు సగం నొప్పి తగ్గిపోతుందని డాక్టరుగారే ఒప్పుకుంటాడు. బుగ్గ పట్టుకుని వచ్చినవాళ్ళు వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక ఆమెకు తమ కష్టాలన్నీ చెప్పుకుంటారు. పన్నునొప్పిలో మనిషి గొప్పలకు పోడని, అందుకే తనకు మనుషులు బాగా అర్థమవుతారని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే మూడు నవలలు రాసింది.

రాసేది తెల్లవారుజామున, భోజనాల బల్ల మీద. మొగుడి వైరు చుట్టలూ ప్లగ్గులూ ఓ పక్కకు జరిపి, ముందు కాస్త ప్రార్థన చేసుకుని, తర్వాత కలం పట్టుకుంటుంది. రాత సాగే రోజున ప్రార్థన పొట్టిగా ఉంటుంది. సాగని రోజున పొడుగవుతుంది. దేవుడికి ఆ కిటుకు తెలియక కాదు, పోనీలే పాపం అని ఊరుకుంటాడు.

క్రైస్తవ నవలా రచయిత్రి అంటే వినడానికి హుందాగానే ఉంటుంది. అమ్ముకోబోతే తెలుస్తుంది అసలు సంగతి. చర్చి గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని పుస్తకాలు పేరిస్తే, ముందు వరసలో కూర్చునే ముసలావిడ ఒకావిడ అట్ట మీద చెయ్యి వేసి, "ఇందులో ఉన్నవన్నీ జరిగినవేనా అమ్మా?" అని అడిగింది.

"కాదండీ, కల్పించి రాశాను."

"అంటే అబద్ధాలేగా? దేవుడి బిడ్డవి, అబద్ధాలు రాయొచ్చా?"

"ప్రభువు కూడా కథలు చెప్పాడు కదండీ."

"ఆయన చెప్పాడమ్మా. నువ్వు రాశావు" అని పుస్తకం ఉన్నచోటే పెట్టేసి టీ తాగడానికి వెళ్ళిపోయింది ఆవిడ.

బజారులో పుస్తకాల దుకాణం ఆయన పేజీలు తిరగేసి, ఇందులో ప్రార్థనలున్నాయి కాబట్టి నవలల అరలో పెట్టలేనన్నాడు. చర్చి పుస్తకాలు అమ్మే దుకాణం ఆయన అవే పేజీలు తిరగేసి, ఇందులో మొగుడూ పెళ్ళాల కొట్లాటలున్నాయి కాబట్టి తనూ పెట్టలేనన్నాడు. నవలమ్మ పుస్తకాలు రెంటికీ చెడ్డ రేవడిలా ఇంట్లో మంచం కింద పడుకున్నాయి.

ఇక ప్రచురణకర్త. ప్రచురణకర్త అంటే పెద్ద సంస్థ ఏమీ కాదు. ఒక మనిషి, ఒక గది, ఒక దగ్గు. మూడో నవల వచ్చినప్పుడు ఆయన దగ్గుకీ దగ్గుకీ మధ్య, "ఈ రోజుల్లో రాసినవాళ్ళే ప్రచారం చేసుకోవాలమ్మా. వీడియోలు పెట్టండి. నాలుగు ఊళ్ళు తిరగండి" అని సలహా ఇచ్చాడు. నవలమ్మకు కలం చేతిలో ఉంటే ఉన్నంత ధైర్యం కెమెరా ముందు ఉండదు. మొగుడు వంటింట్లో ఫోను పట్టుకుని నిలబడితే ఆమె పుస్తకాన్ని గుండెలకు అదుముకుని, "అందరికీ వందనాలు" అని, తర్వాత మాట మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయింది. వెనకాల కుక్కరు కూత వేసింది. "నీకన్నా అదే నయం, సమయానికి నోరు తెరిచింది" అన్నాడు మొగుడు. ఆ వీడియో అలాగే పెట్టారు. చూసినవాళ్ళందరూ కుక్కరునే మెచ్చుకున్నారు.

అయినా ఈ మూడో నవల మెల్లగా కదిలింది. అది చదివిన ఆడవాళ్ళు ఇంకొకరికిచ్చేవారు. క్లినిక్‌కి వచ్చిన ఒకావిడ కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, మళ్ళీ మూసి, "డాక్టరుగారూ, ఒక్క నిమిషం, మీ రిసెప్షన్‌లో ఉన్నావిడేనా ఆ రొట్టెలావిడ కథ రాసింది?" అని అడిగిందట. ఆ సాయంత్రం నవలమ్మ ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుతూ వెళ్ళింది.

కథ ఇదీ. ఒక చిన్న ఊళ్ళో రొట్టెలు కాల్చి అమ్ముకునే ఆడమనిషి. చర్చి పాటల బృందంలో ఆవిడ గొంతే పైగొంతు. మొగుడికి జబ్బు చేస్తుంది. సంఘమంతా మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేస్తుంది. అయినా ఆయన పోతాడు. ఖననం దగ్గర ఎవరో, విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉండి ఉంటే దక్కేవాడేమో అంటారు. ఆవిడ మర్నాటి నుంచి చర్చికి రాదు, పాట పాడదు. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, ఒంటరిగా పొయ్యి ముందు ఏళ్ళు గడిపేస్తుంది. ఆఖరి అధ్యాయంలో ఒక వాన రోజున పిండి పిసుకుతూ, తనకు తెలియకుండానే కూనిరాగం తీస్తుంది. ఆ ఆదివారం వెళ్ళి పాటల బృందంలో తన పాత చోట నిలబడుతుంది. చదివినవాళ్ళందరూ అక్కడ ఏడ్చారు. రాసేటప్పుడు నవలమ్మ కూడా ఏడ్చింది.

ఏడవదూ మరి! ఆ రొట్టెలావిడ ఎవరో కాదు, నవలమ్మ తోడబుట్టిన అక్క. అక్కకు రొట్టెల పొయ్యి లేదు, ఇస్త్రీ దుకాణం ఉంది. చర్చికి రెండు వీధుల అవతల బట్టలు ఉతికి, ఆవిరి పెట్టి, ఇస్త్రీ చేసి ఇస్తుంది. బావ పోయిన దగ్గరనుంచి ఆమె చర్చి గుమ్మం తొక్కలేదు. దుకాణంలో రేడియో మోగుతున్నా పెదవి కదపదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకుంటారు. కూరల ధరలూ, కీళ్ళ నొప్పులూ, పక్కింటివాళ్ళ కుక్కా, అన్నీ వస్తాయి. చర్చి మాట మాత్రం రాదు. ఇస్త్రీని రొట్టెలు చేసేశాను కదా, ఇంకెవరు పోల్చుకుంటారులే అనుకుంది నవలమ్మ. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

మొదటి రెండు నవలలూ అచ్చు వాసన పోకముందే అక్క చేతిలో పెట్టింది. మూడోది మాత్రం ఇవ్వలేదు. "ఏమే, పుస్తకం వచ్చిందన్నారు?" అని అక్క అడిగితే, "ఇంకా నా కాపీలు రాలేదక్కా" అంది. కాపీలు మంచం కింద ఉన్నాయి. బావ పోయాక అక్కకు లోకంలో మిగిలింది తనొక్కతే, తనకు అమ్మ తర్వాత అమ్మ అక్క. ఈ పుస్తకం మూలాన అక్క తనతో మాట్లాడ్డం మానేస్తే? ఆ భయంతోనే రోజులు నెట్టుకొస్తోంది.

అలాంటి సమయంలో పక్క ఊరి సంఘం స్త్రీల కూడిక నుంచి పిలుపు వచ్చింది. మొగుడు పుస్తకాల పెట్టె వ్యానులో పెట్టి తీసుకెళ్ళాడు. చర్చి వెనకాల హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద టీ పాత్ర, బిస్కెట్లు. కూడికకు పెద్ద ఒక రిటైరైన నర్సమ్మ. ఆసుపత్రి నడవాలో గొంతు ఎంత పెట్టాలో అలవాటైన మనిషి, హాల్లోనూ అంతే పెడుతుంది. వాళ్ళు వారానికో అధ్యాయం చొప్పున నవల చదువుతున్నారట. నవలమ్మ పొంగిపోయింది.

చదవడం అయ్యాక అందరూ తలలు వంచారు. నర్సమ్మ ప్రార్థన అందుకుంది. జబ్బుపడ్డవాళ్ళూ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళూ, పరీక్షలు రాసే పిల్లలూ అయిపోయాక, "ప్రభువా, ఆ రొట్టెలు చేసుకునే సహోదరిని జ్ఞాపకం చేసుకో. ఆమె నీ మీద కోపంగా ఉంది. ఎందుకో నీకు తెలుసు. మాకూ తెలుసు, ఐదో అధ్యాయంలో ఉంది. ఆమెకు మళ్ళీ పాట ఇయ్యి" అంది. "ఇయ్యి తండ్రీ" అన్నారు అందరూ.

నవలమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. ఎవరూ నవ్వడం లేదు. పక్కనున్నావిడ బుగ్గల మీద నీళ్ళు. వాళ్ళు మొదటి వారం నుంచీ ఇలాగే ప్రార్థన చేస్తున్నారు. ఒకావిడ ఆగలేక ఆఖరి పేజీలు ముందే చదివేసిందట. ఇక ఈవిడ ప్రార్థనలో పస ఉండదని ఆవిణ్ణి అందరూ మందలించారట కూడా. నవలలో మనిషి కోసం మోకాళ్ళు అరగదీసుకునే పాఠకులు ఏ రచయితకు దొరుకుతారు? నవలమ్మ తెరిచిన కన్ను మళ్ళీ మూసుకుంది.

టీ పోస్తూ నర్సమ్మ సూటిగా అడిగేసింది. "నిజం చెప్పమ్మా. ఆవిడ ఉంది కదూ? ఇంత ఇదిగా కల్పించి ఎవరూ రాయలేరు."

"ఉందండీ" అంది నవలమ్మ. అది నిజమే.

"మరి పాడుతోందా ఇప్పుడు?"

హాలంతా కప్పులు పట్టుకుని ఆగిపోయింది. అన్ని మొహాలూ దీపాల్లా తన వైపే ఉన్నాయి. లేదని చెబితే ఆ దీపాలన్నీ తనే ఊదినట్టవుతుంది. నవలమ్మ తల ఊపింది.

"స్తోత్రం!" అని హాలు దద్దరిల్లింది. పుస్తకాల పెట్టె ఖాళీ అయిపోయింది. తిరుగు ప్రయాణంలో మొగుడు ఈల వేసుకుంటూ నడుపుతున్నాడు. నవలమ్మ తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆ సామెత చెప్పినవాళ్ళు పాస్టర్లను చూసి ఉండరు. నర్సమ్మ ఈ ఊరి పాస్టరుగారికి ఫోను చేసి సంగతి చెప్పిన మూడో రోజే ఆదివారం. నవలమ్మ సంఘం పాస్టరుగారు కుర్రాడు, ఈ ఊరికి కొత్త, ఉత్సాహం ఎక్కువ. ప్రసంగం చివర, "వచ్చే ఆదివారం సాయంత్రం మన నవలమ్మగారి పుస్తక పరిచయ సభ. ఆ కథలోని అసలు సహోదరి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పి, పాట పాడుతుంది. అందుకోసం మనమంతా ప్రార్థిద్దాం. పక్క ఊరి స్త్రీల కూడిక కూడా వస్తోంది" అని ప్రకటించాడు. సాక్ష్యమంటే ఆ సంఘాల్లో అలవాటే. దేవుడు తనకు చేసిన మేలు పదిమంది ముందూ నిలబడి చెప్పడం. పాటల బృందంలో కిందిగొంతు పాడే, అందరూ బేసు గొంతు మావయ్య అనే ఆయన, అక్క పక్కనే ఇరవై ఏళ్ళు పాడిన మనిషి, తల తిప్పి నవలమ్మ వైపు చూశాడు.  ఆమె పాటల పుస్తకంలోకి తల దించేసింది.

ఇంటికి రాగానే మొగుడు అడిగాడు. "ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు."

"మరి వస్తారని ఎవరు చెప్పారు?"

"నేను చెప్పలేదు. తల ఊపాను."

"ఎంత ఊపావు?"

ఆమె ఊపి చూపించింది. ఆయన తనూ ఒకసారి ఊపి చూసుకున్నాడు. "అది అవుననే" అన్నాడు. "వెళ్ళి వదినకి చెప్పు. ఇంకెవరో చెప్పేలోపు నువ్వే చెప్పు."

మర్నాడు క్లినిక్‌కి సగం రోజు సెలవు పెట్టి నవలమ్మ అక్క దుకాణానికి వెళ్ళింది. తలుపు తీయగానే వెచ్చటి తడిబట్టల వాసన మొహానికి కొట్టింది. పైన కడ్డీలకు కోట్లూ చొక్కాలూ వరసగా వేలాడుతున్నాయి, ఒక్కోదానికీ అంకె వేసిన చీటీ గుచ్చి ఉంది. అక్క బట్టను మూతతో నొక్కే ఆవిరి పెట్టె ముందు నిలబడి పొడవాటి తెల్లగుడ్డ ఒకటి సాగదీస్తోంది. ఆ అంచు అల్లిక చూడగానే నవలమ్మ గుర్తుపట్టింది. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పెట్టే బల్ల మీది గుడ్డ అది. మనిషి చర్చికి పోకపోయినా ఆ గుడ్డ నెలనెలా ఇక్కడికే వస్తుంది, ఒక్క మడత కూడా లేకుండా తిరిగి వెళుతుంది.

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. ఆ కొస పట్టుకుని చెప్పు."

నవలమ్మ కొస పట్టుకుంది.  క్లినిక్‌లో ఎంతమంది నోళ్ళు తెరిపించిందో, తన నోరు పెగలడం లేదు. గుడ్డ మడత పెట్టడం అయ్యాక అక్క బల్ల కింద చెయ్యి పెట్టి మూడో నవల తీసి ముందు పెట్టింది. పేజీల మధ్య ఇస్త్రీ చీటీ గుర్తుగా ఉంది.

"మీ బేసు గొంతాయన ఇచ్చాడు. నీ కాపీలు రాలేదన్నావు కదా, పాపం."

నవలమ్మకు కుర్చీ కావలసి వచ్చింది. బట్టల బుట్ట మీద కూర్చుంది.

"చదివావా?"

"చదవక? రొట్టెల సంగతి నీకేం తెలుసే? పొయ్యి ముందు చేసేవాళ్ళకి చేతుల మీద కాలుతుంది. నీ రొట్టెలావిడకి మణికట్టు లోపల కాలింది." అక్క చెయ్యి తిప్పి చూపించింది. మణికట్టు లోపలివైపు ఆవిరి పెట్టె మూత తగిలిన పాత మచ్చలు. "ఇది ఇస్త్రీవాళ్ళ వాత. ఊళ్ళో అందరికీ తెలుసు. దాచడం కూడా రాదు నీకు."

"క్షమించక్కా." తర్వాత మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. పక్క ఊరి కూడిక, ప్రార్థన, టీ, తల ఊపడం, పాస్టరుగారి ప్రకటన. అక్క వింటూ ఒక చొక్కా కాలరు ఇస్త్రీ చేసింది, దాన్ని తగిలించి ఇంకోటి తీసింది.

"నా కోసం ప్రార్థన చేస్తున్నారా? చూడకుండానే?"

"వారం వారం."

"పిచ్చిదానా" అంది అక్క. ఎవర్ని అందో తెలియలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "అంతా బాగానే రాశావు. కోపం బాగా రాశావు, నేను కూడా అంత బాగా చెప్పలేను. కానీ ఒక్క తప్పు రాశావు. పచ్చి తప్పు. అది చదివి రెండు రోజులు అన్నం సహించలేదు నాకు."

"ఆఖరి అధ్యాయం. తెలుసక్కా. నువ్వు పాడినట్టు..."

"అది కాదు."

"మరేంటి?"

తలుపు గంట మోగింది. ఒకాయన సాయంత్రం పెళ్ళికి సూటు కావాలని, ఇప్పుడే కావాలని కంగారుగా వచ్చి నిలబడ్డాడు. అక్క సూటు అందుకుంది. "వెళ్ళు. నాకు పనుంది" అంది చెల్లెలి వైపు చూడకుండానే.

"ఆదివారం..."

"నా తరఫున ఇంకెక్కడా తల ఊపకు. అంతే నే చెప్పేది."

ఆ వారం నవలమ్మ తన నవలను తానే పగవాడి పుస్తకంలా చదివింది. ఎక్కడ తప్పు? బావ జబ్బు గురించా? ఖననం దగ్గరి మాటా? బావ నవ్వు గురించి రాసిన పేజీయా? ఎంత వెతికినా దొరకలేదు. అక్క ఫోను చేయలేదు. తను చేస్తే "పనిలో ఉన్నా" అని పెట్టేసింది. క్లినిక్‌లో ఒకాయనకు పై పన్ను బదులు కింది పన్నని చెప్పి లోపలికి పంపింది. డాక్టరుగారు అడిగి చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. తెల్లవారుజామున బల్ల ముందు కూర్చుంటే ప్రార్థన ఒక్కటే సాగింది. అదీ ఒకే మాట. అక్కను నాకు దూరం చెయ్యకు. పుస్తకం పోతే పోయింది, అక్కను దూరం చెయ్యకు.

ఆదివారం సాయంత్రానికి చర్చి నిండింది. పక్క ఊరివాళ్ళు వ్యాను దిగి రెండు వరసలు ఆక్రమించారు. మధ్యలో నర్సమ్మ, చేతిలో నవల, మొహంలో పెళ్ళికూతుర్ని చూడబోయేవాళ్ళ ఆత్రం. గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకాలు గోపురంలా పేర్చి ఉన్నాయి. ప్రచురణకర్త కూడా దగ్గుకుంటూ వచ్చి వెనక కూర్చున్నాడు. పాట అయింది, ప్రార్థన అయింది. పాస్టరుగారు చిరునవ్వుతో, "ఇప్పుడు నవలమ్మగారు వచ్చి, ఆ సహోదరిని మనకు పరిచయం చేస్తారు" అన్నాడు.

నవలమ్మ మైకు ముందుకు వచ్చింది. అక్క రాలేదు. రాదని తెలిసినా అన్ని వరసలూ వెతికింది. పక్కన మొగుడు మైకు ఎత్తు సరిచేస్తూ, "చెప్పెయ్" అన్నాడు మెల్లగా.

"ఆవిడ రావడం లేదండీ" అంది నవలమ్మ. "ఆవిడ ఉన్న మాట నిజం. మా అక్క. కానీ ఆవిడ మళ్ళీ పాడలేదు. చర్చికి రాలేదు. ఆఖరి అధ్యాయం జరగలేదు. అది నేను కోరుకున్నది. రోజూ ప్రార్థనలో అడిగేదాన్ని పుస్తకంలో జరిగినట్టు రాసేశాను. నర్సమ్మగారు అడిగితే తల ఊపాను. అక్కడ అబద్ధమాడాను. మా అక్కను అడక్కుండా ఆవిడ దుఃఖం తీసుకుని రాశాను. ఈ పుస్తకం కొన్నవాళ్ళు వెనక్కి ఇచ్చేస్తానంటే తీసుకుంటాను."

వెనక ప్రచురణకర్తకు దగ్గు తెర వచ్చింది. పాస్టరుగారి చిరునవ్వు మొహం మీంచి ఎక్కడికి పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. ముందు వరస ముసలావిడ, "నేను ముందే అన్నాను" అని పక్కావిడతో అంది, చర్చంతటికీ వినబడేటట్టు.

అప్పుడు గుమ్మం దగ్గర ఏదో కదిలింది. అక్క. దుకాణం మూసి నేరుగా వచ్చినట్టుంది, నడుముకు కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు. ఎప్పుడొచ్చిందో, పుస్తకాల బల్ల వెనక నిలబడి ఉంది. నడవా మధ్యలోంచి ఎవరి వైపూ చూడకుండా నడిచి వచ్చింది. బేసు గొంతు మావయ్య లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. నవలమ్మ పియానో పక్కకు తప్పుకుంది. ఆమె మొగుడు మైకు ఇంకో రెండంగుళాలు దించాడు.

"రొట్టెలావిడని నేనే" అంది అక్క. "పాడటానికి రాలేదు. నాకూ దేవుడికీ ఒక తగువుంది. అది మా ఇద్దరి మధ్యా ఉంది, ఇంకా తెగలేదు. మీరెవరూ మధ్యలోకి రావద్దు. మా చెల్లెలు అబద్ధం రాసిందని ఇప్పుడు ఒప్పుకుంది. కానీ ఏది అబద్ధమో దానికి ఇప్పటికీ తెలీదు. అది చెప్పి వెళ్దామని వచ్చాను."



"ఈ పుస్తకంలో ఆవిడకి ఎవరూ లేరు. ఒక్కతే ఉండి, ఒక్కతే ఏడ్చి, ఒక్కతే బతికింది. మా ఆయన పోయిన ఏడాది నేనెలా బతికానో చెప్తాను. పళ్ళ డాక్టరు దగ్గర పని అయిపోగానే ఇది నా ఇంటికి వచ్చేది. నేను తలుపు తీసేదాన్ని కాదు. మెట్ల మీద కూర్చునేది. తెచ్చిన భోజనం చల్లారిపోతే ఇంటికి పోయి వేడి చేసుకుని మళ్ళీ వచ్చేది. ఒకరోజు గిన్నె గోడకేసి కొట్టాను. గోడ తుడిచింది, ఇంకో గిన్నెలో పెట్టింది. నన్ను తిట్టి తినిపించింది. నేను తిట్టినవన్నీ పడింది. తల దువ్వింది. ఏడాది పొడుగునా ఒక్కరోజు మానలేదు. దేవుడి మాట ఒక్కసారి ఎత్తలేదు. ఇంత భక్తురాలు, నోరెలా కట్టుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

ఎవరో ముక్కు చీదారు. ఎవరో నవ్వారు. రెండూ చేసింది ఒకరే కావచ్చు.

"అది ఈ పుస్తకంలో లేదు. ఒక్క ముక్క లేదు. నా మొగుణ్ణి రాసింది, నా కోపం రాసింది, నా మణికట్టు మీద వాతలు రాసింది. నా చెల్లెల్ని మాత్రం తీసేసింది. నాకెవరూ లేనట్టు రాసింది." అక్క పియానో వైపు చెయ్యి చూపించింది. "నాకు చెల్లెలుందండీ. అదిగో, అక్కడ ఏడుస్తోంది."

నవలమ్మ నిజంగానే పియానో పక్కన నిలబడి మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తోంది. రాసేటప్పుడు ఒకసారి ఆ మెట్ల మీద కూర్చున్న చెల్లెలు కథలోకి వచ్చింది. చేసిన మేలు చెప్పుకోకూడదని, మహిమంతా దేవుడికే చెందాలని చిన్నప్పటినుంచి నేర్చుకున్న మనిషి కదా, ఇది గొప్పలు చెప్పుకోవడమే అవుతుందని సిగ్గుపడి ఆ పేజీ చించేసింది. మంచి పనే చేశాననుకుంది. అక్కకు అన్నం సహించకుండా చేసింది ఆ చించేసిన పేజీ అని ఎలా తెలుస్తుంది?

ముందుగా కదిలింది నర్సమ్మ. వరసలోంచి అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటికి వచ్చి, తన ఆసుపత్రి గొంతుతో, "ఇన్ని వారాలు రొట్టెలావిడ కోసమే ప్రార్థన చేశాం. ఆ అన్నం మోసిన పిల్ల కోసం ఒక్కరోజు చెయ్యలేదే మనం!" అంది. అంటూనే వచ్చి నవలమ్మను పట్టుకుని అక్కడున్న కుర్చీలో కూర్చోబెట్టింది. పక్క ఊరి ఆడవాళ్ళందరూ లేచారు. ఈ ఊరివాళ్ళూ లేచారు. అబద్ధాలు రాయొచ్చా అన్న ముసలావిడ కర్ర పట్టుకుని అందరికన్నా ముందు చేరింది. వాళ్ళ అలవాటు ప్రకారం తలా ఒక చెయ్యి నవలమ్మ తల మీదా, వీపు మీదా వేశారు. అందనివాళ్ళు అందినవాళ్ళ భుజాల మీద వేశారు.

అక్క మైకు దగ్గరే నిలబడి చూసింది. వెళ్ళిపోవడానికి రెండడుగులు వేసింది కూడా. మళ్ళీ వెనక్కి తిరిగి, మనుషుల్ని తోసుకుంటూ లోపలికి వచ్చి, చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. నర్సమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. అది ఇప్పట్లో తెమిలే ప్రార్థనలా లేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అక్క మూసుకోలేదు. కానీ ప్రార్థన ముగిసేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.